ఆపదనుండి, ఆపదలో: క్రైస్తవుల తెలుగులో దైవరక్షణ

బళ్ళారిలోనో బరంపురంలోనో ఒక తెలుగు క్రైస్తవ సంఘానికి కొత్తగా వెళ్ళినవాణ్ణి పక్కన కూర్చున్న పెద్దాయన "మీరెప్పుడు రక్షింపబడ్డారు బాబూ?" అని అడిగితే, ఆ సంఘపు పలుకుబడి తెలియనివాడు ఏ బస్సు ప్రమాదాన్నో గుర్తు చేసుకోబోతాడు. పాపాన్ని ఒప్పుకొని క్రీస్తును అంగీకరించింది ఎప్పుడని పెద్దాయన ప్రశ్న. మామూలు తెలుగులో ఆపద తప్పించడానికి వాడే "రక్షణ" అనే మాటకు క్రైస్తవుల తెలుగులో ఆత్మకు సంబంధించిన మరో అర్థం స్థిరపడింది. ఈ రెండర్థాలు ఎక్కడ కలుస్తాయో ఎక్కడ విడిపోతాయో చూడకపోవడం వల్ల, కష్టకాలంలో దేవుడు కాపాడతాడన్న క్రైస్తవ విశ్వాసాన్ని బయటివారే గాక కొన్నిసార్లు లోపలివారు కూడ తప్పుగా వింటున్నారని మా అభిప్రాయం. మన విద్యార్థుల్లో క్రైస్తవ కుటుంబాల వారున్నారు, కానివారూ ఉన్నారు. ఈ వ్యాసం ఎవరికీ మతం బోధించడానికి వ్రాస్తున్నది కాదు. తెలుగు మాటలనూ విభక్తులనూ పట్టుకొని ఆ విశ్వాసం ఏమంటున్నదో చూడడం వరకే మా పని.

కొత్త నిబంధన గ్రీకు మూలంలో "సోజో" అనే క్రియ ఉంది. రోగం నయం చేయడానికీ, ప్రాణం దక్కించడానికీ, పాపంనుండి విడిపించడానికీ అదే మాట. లూకా సువార్తలో యేసు ఒకచోట పాపాత్మురాలైన స్త్రీతోను, మరొకచోట పన్నెండేళ్ళుగా రక్తస్రావంతో బాధపడిన స్త్రీతోను వారి విశ్వాసాన్ని గూర్చి గ్రీకులో అక్షరం తేడా లేని ఒకే వాక్యం చెబుతాడు. తెలుగు అనువాదకులు మొదటి చోట "రక్షించు" అనీ, రెండో చోట "స్వస్థపరచు" అనీ వేరు చేశారు. సందర్భాన్ని బట్టి సబబుగానే చేశారు. అయితే మూలంలోని ముడి అక్కడ విడిపోయి, "రక్షణ" అనే నామవాచకంలో మాత్రం గట్టిగా మిగిలింది.

పొరుగు భాషల మధ్య చదువుకునే మీకు పోల్చి చూసే అవకాశం కోస్తా విద్యార్థికంటే ఎక్కువ. కన్నడ బైబిలు కూడ "రక్షణె" అనే అంటుంది. 1810లో బళ్ళారి చేరిన జాన్ హాండ్స్ కన్నడ అనువాదానికి పూనుకున్నది రెండు భాషలూ వీధిలో వినిపించే ఊళ్ళోనే. తమిళంలో ప్రొటెస్టెంటులు "ఇరట్చిప్పు" అంటే, కథోలికులు విడిపించి తెచ్చుకోవడాన్ని సూచించే "మీట్పు" అనే దేశ్యపదాన్ని ఎంచుకున్నారు. ఒడియావారిది "పరిత్రాణ". మరాఠీవారిది "తారణ్". ఈ చివరిదాన్ని శోలాపూరు విద్యార్థులు కొంచెం ఆగి చూడాలి. మనం "తరించు" అనే మాటకు మూలమైన ధాతువే దానికీ మూలం. దాని అర్థం దాటడం. దాటించాలంటే నడుమ ఏరుండాలి. ఏరే లేకుండా చేయడం అనే భావం ఆ మాటలో లేదు.

ఐహికమైన కాపుదలకు మాత్రం తెలుగు బైబిలు తరచుగా దేశ్యపదాన్నే ఆశ్రయించింది. కాచు, కాపు, కాపరి, కాపుదల, కావలి, కాపాడు ఇవన్నీ ఒకే ద్రావిడ ధాతువు బిడ్డలు. తమిళంలో కావల్, కాప్పు. కన్నడంలో కాయు, కావలు. 121వ కీర్తనలో ఎనిమిదే వచనాలు. హీబ్రూ మూలంలో "షామర్" అనే ఒకే ధాతువు అందులో ఆరుసార్లు వస్తుంది. దానికి తెలుగులో "కాపాడు" అనే క్రియను వాడారు. ఇది చాల ఉచితమైన ఎంపిక. కావలి ఉన్నదంటే దొంగ భయం ఉన్నదని అర్థం. గొర్రెలు కాచేవాడు తోడేళ్ళు లేని అడవిని వెతుక్కుంటూ పోడు. మాటలోనే ఆపద ఇమిడి ఉంది.

అయినా తెలుగు చెవి "రక్షించు" అన్న మాట వినగానే ఎదురుచూసేది వేరు. పోతన గజేంద్రమోక్షం మనకు చిన్ననాటినుండి నేర్పిన పద్ధతి ఉంది: ఆర్తుడు పిలుస్తాడు, దేవుడు ఉన్నవాడు ఉన్నట్టు బయలుదేరి వస్తాడు, మొసలి చస్తుంది, ఏనుగు బతుకుతుంది. ప్రహ్లాదుణ్ణి నిప్పు కాల్చదు, ఏనుగులు తొక్కవు. తెలుగు క్రైస్తవుడు కూడ ఆ గాలే పీల్చి పెరిగాడు. బైబిలులో ఇలాంటి కథలు లేకపోలేదు. దానియేలు గ్రంథంలో అగ్నిగుండంలో పడ్డ ముగ్గురు యువకులు వెంట్రుక కూడ మాడకుండ బయటికి వస్తారు. ఐతే గుండంలో పడకముందు వాళ్ళు రాజుతో చెప్పిన మాటలో ఒక మలుపు ఉంది. మా దేవుడు మమ్మల్ని రక్షించగలడు అంటారు. వెంటనే, ఒకవేళ రక్షించకపోయినా నీ ప్రతిమకు మొక్కము అంటారు. తెలుగులో ఆ మలుపంతా "-ఇనను" అనే ఒక చిన్న ప్రత్యయం మోస్తుంది. కథ చెప్పేవారు సాధారణంగా గుండంనుండి బయటికి రావడాన్నే చెప్పి ఈ ప్రత్యయాన్ని వదిలేస్తారు.

ఇక 91వ కీర్తన సంగతి. దైవరక్షణ అనగానే తెలుగు క్రైస్తవ గృహాల్లో మొదట తెరిచేది ఇదే. 2020, 2021 సంవత్సరాల్లో కోవిడ్ భయంలో ప్రార్థన అన్న ప్రతిచోట ఇది వినిపించింది. ఎందుకో చదివితే తెలుస్తుంది: అందులో తెగులు ప్రస్తావన ఉంది, చీకట్లో తిరిగే వ్యాధి ఉంది, పక్కన వేయిమంది కూలినా నీ దగ్గరికి రాదన్న భరోసా ఉంది. మొదటి మాటల్లో "చాటు" అనే చక్కని తెలుగు పదం పడింది. హీబ్రూ "సేతెర్" అంటే దాగే చోటు. కొండచాటు, చెట్టుచాటు, తల్లిచాటు బిడ్డ అనే వాడుకల బలమంతా దానికి తోడై, అనువాదం అనిపించని చోటుల్లో ఇదొకటిగా నిలిచింది.

కీర్తన తొలి భాగంలో రక్షణకు సంబంధించిన పదబంధాలు "నుండి"తో నడుస్తాయి: వేటకాని ఉరినుండి, తెగులునుండి. పద్నాలుగో వచనం దగ్గర మాట్లాడే గొంతు మారుతుంది. అంతవరకు భక్తుడో అర్చకుడో చెబుతుండగా, ఇప్పుడు దేవుడే ఉత్తమపురుషలో మాట్లాడతాడు. ఆ మాటల్లో విడిపిస్తాననే వాగ్దానం ఉంది. దానికి ముందే "శ్రమలో" తోడుగా ఉంటాననే మాట కూడ ఉంది. ఇక్కడ "శ్రమ" అంటే మనం అనుకునే పాటు, కష్టించి చేసే పని కాదు. క్రైస్తవుల తెలుగులో శ్రమ అంటే బాధ, ఆపద. క్రీస్తు శ్రమలు అన్నప్పుడు ఉన్న అర్థం అది. "నుండి"తో మొదలైన కీర్తన "లో" దగ్గరికి వచ్చింది. శ్రమ తగలనివాడికి శ్రమలో తోడెందుకు? కీర్తనకారుడు ఈ రెంటినీ పక్కపక్కనే ఉంచాడు. ఒకదానికోసం రెండోదాన్ని కొట్టివేయలేదు. (సంప్రదాయ వ్యాకరణం "లోన్" అనే ప్రత్యయాన్ని షష్ఠిలో చేర్చిందని విద్యార్థులకు గుర్తుండే ఉంటుంది. అధికరణార్థం ఉన్నదాన్ని సంబంధార్థక విభక్తిలో ఎందుకు పెట్టారన్నది వేరే చర్చ.)

ఈ కీర్తనకు బైబిలులోనే ఒక విచిత్రమైన వినియోగం జరిగింది. యేసును దేవాలయ శిఖరం మీద నిలబెట్టి కిందికి దూకమన్న అపవాది ప్రమాణంగా చూపింది ఇందులోని దేవదూతల మాటనే. యేసు ఆ మాట అబద్ధమనలేదు. దేవుణ్ణి శోధించకూడదన్న ధర్మశాస్త్ర వాక్యం చెప్పి దూకడం మానుకున్నాడు. వాగ్దానాన్ని పరీక్షాపత్రంగా మార్చి దేవుడి ముందు పెట్టడం విశ్వాసం కాదని మత్తయి, లూకా ఇద్దరూ భద్రపరచిన ఈ ఘట్టానికి అర్థం చెబుతారు. కోవిడ్ రోజుల్లో ఇదే కీర్తనను పట్టుకొని జాగ్రత్తలు అక్కరలేదన్నవారు ఈ ఘట్టాన్ని చదివి ఉంటే బాగుండేది.

అపొస్తలుల కార్యముల పన్నెండో అధ్యాయం మాకు మరీ ముఖ్యంగా కనిపిస్తుంది. హేరోదు రాజు యోహాను సోదరుడైన యాకోబును కత్తితో చంపిస్తాడు. దానికి ఒక్క వచనం. తర్వాత పేతురును చెరలో వేస్తాడు, సంఘం ప్రార్థిస్తుంది, దూత వచ్చి సంకెళ్ళు ఊడదీసి బయటికి నడిపిస్తాడు. పేతురు వచ్చి తలుపు తడితే రొదే అనే పనిపిల్ల సంతోషంలో తలుపు తీయడం మరిచి లోపలికి పరుగెత్తుతుంది. లోపలివారు ఆమెకు పిచ్చి పట్టిందంటారు. విడుదలకోసం ప్రార్థిస్తున్నవారే విడుదలను నమ్మలేదన్నమాట. సరదాగా చెప్పిన ఈ కథ పక్కనే యాకోబు శవం ఉంది. యాకోబుకు విశ్వాసం తక్కువని గాని, అతనికోసం ఎవరూ ప్రార్థించలేదని గాని గ్రంథకర్త అనడు. కారణమే చెప్పడు. లూకా సువార్త ఇరవై ఒకటో అధ్యాయంలో ఇంకా తీవ్రంగా ఉంటుంది: మీలో కొందరిని చంపిస్తారని చెప్పిన యేసు, రెండు వచనాల తర్వాత మీ తలవెంట్రుక ఒక్కటి కూడ నశించదంటాడు. రెండూ ఒకే నోట వచ్చాయి కాబట్టి, రెండో మాటకు చావు తప్పుతుందని అర్థం చెప్పడం కుదరదు. మరణం కూడ దేవుడి చేతిలోనుండి ఆ మనిషిని లాక్కోలేదన్న అర్థమే అక్కడ పొసుగుతుంది. పునరుత్థానం మీద నమ్మకం లేకుంటే ఈ మాట నిలవదు; క్రైస్తవులు దాన్ని దాచరు కూడ.

ఇక్కడికి "తోడు" అనే మాట అవసరమవుతుంది. ఇమ్మానుయేలు అనే హీబ్రూ పేరుకు "మనతో దేవుడు" అని మాటకు మాట అర్థం. కన్నడం "కూడ" అనీ, తమిళం "ఓడు" అనీ, మరాఠీ "బరోబర్" అనీ, ఒడియా "సహిత" అనీ దాన్ని ఒక అనుబంధ పదంతో చెప్పాయి. తెలుగువారు మాత్రం దేవుడు మనకు తోడు అన్నారు. మన భాషలో తోడు నామవాచకం, ఒక మనిషి. పొలానికి తోడు, ఊరికి తోడు, రాత్రివేళ తోడు పడుకోవడం, తోడబుట్టినవారు. తృతీయా విభక్తిలో "తోడన్, తోన్" అని మనం వల్లించేది ఈ మాటే అరిగి ప్రత్యయమైన రూపం. అదే విభక్తిలో "చేతన్, చేన్" కూడ ఉన్నాయి. దేవుడి చేత ఏదో జరగాలని మనిషి కోరుకుంటాడు. చాలచోట్ల గ్రంథం ఇచ్చేది దేవుడి తోడు. ఇరవై మూడో కీర్తనలో కాపరిని గూర్చి "ఆయన" అని చెబుతూ వచ్చినవాడు చీకటి లోయలో అడుగు పెట్టగానే "నీవు" అంటాడు. హీబ్రూలోనూ ఇంతే. పచ్చికలో ప్రథమపురుష, లోయలో మధ్యమపురుష. మేము ఈ కీర్తనను తరగతిలో చెప్పినప్పుడల్లా సర్వనామాల కింద గీత గీయమంటాం.

తోడు ఉంటే చాలునా అన్న ప్రశ్న తేలికైనది కాదు. 2021 తర్వాత మా విద్యార్థిని ఒకరు అడిగారు: "సాక్ష్యం చెప్పేవాళ్ళంతా దేవుడు కాపాడాడంటారు సార్. మా నాన్నగారు పోయారు. అంటే ఆయన్ని కాపాడలేదనా?" ఆ కుటుంబాన్ని పరామర్శించడానికి వచ్చినవారిలో ప్రార్థనలో ఏదో లోపం జరిగి ఉంటుందన్నవారు కూడ ఉన్నారట. సాక్ష్యం అనే ప్రక్రియలో ఉన్న ఇబ్బంది ఇదే. బతికివచ్చినవాడే వేదిక ఎక్కుతాడు. అతని కృతజ్ఞత నిజమైనదే. కాని ఆ వాక్యానికి వ్యతిరేకరూపం వినేవారి మనసులో దానంతట అదే తయారవుతుంది. యేసు దీన్ని ముందే ఎదుర్కొన్నాడు. సిలోయంలో గోపురం కూలి పద్దెనిమిదిమంది చచ్చిపోతే, వాళ్ళు మిగతావారికంటే ఎక్కువ పాపులని అనుకుంటున్నారా, కాదని చెబుతున్నాను అన్నాడు. పుట్టుగుడ్డివాణ్ణి చూపి ఎవరి పాపమని శిష్యులు అడిగినప్పుడూ వాడిదీ కాదు, వాడి తల్లిదండ్రులదీ కాదన్నాడు. యోబు గ్రంథంలో అటువంటి లెక్కలు కట్టిన ముగ్గురు స్నేహితుల మీద చివర దేవుడు కోపపడతాడు. "చేసుకున్నవారికి చేసుకున్నంత" అనే సామెత పరామర్శ సమయంలో నాలుక మీదికి సులువుగా వస్తుంది. దానికి క్రైస్తవ గ్రంథంలో ఆధారం వెతికితే దొరికేది యోబు స్నేహితుల వాదమే. ఆ విద్యార్థినికి మేము చెప్పగలిగింది యాకోబు, పేతురుల అధ్యాయం కలిసి చదవడం. అంతకుమించి చెబితే మాకు తెలియనిది చెప్పినట్టవుతుంది.

తెలుగు నేలమీద ఈ ప్రశ్న వేలమంది ఎదుట ఒకేసారి నిలిచిన సందర్భం 1876-78 నాటి గొప్ప కరవు. మద్రాసు రాజధానిలో లక్షలాదిమంది చచ్చిపోయారు. ఒంగోలులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ, యౌవనంలో సర్వేయరుగా పనిచేసిన అనుభవంతో, బకింగ్‌హాం కాలువలో సుమారు మూడున్నర మైళ్ళ తవ్వకం పని గుత్తకు తీసుకొని కూలి ఇప్పించాడు. మద్రాసు మీదుగా సాగే ఆ కాలువలో కొంత భాగాన్ని తవ్విన చేతులు ఎక్కువగా మాదిగ కుటుంబాలవి. కూలికోసం మతంలో చేరుతున్నారన్న మాట పడకూడదని, కరవు పని నడిచినన్నాళ్ళు ఆయన బాప్తిస్మాలు ఇవ్వడం ఆపేశాడు. తర్వాత 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒకే రోజు 2,222 మంది బాప్తిస్మం పొందారు.

ఈ సంఖ్యను అందరూ చెబుతారు. మా దృష్టిలో అంతకంటే విలువైనది ఆయన మరణానంతరం 1914లో వెలువడిన ఆత్మకథలో ఉంది. ఇక సహాయం డబ్బు లేదని చెప్పి పంపబోతే, వచ్చినవారు చేతుల బొబ్బలు చూపి తాము కష్టపడి బతికినవారమన్నారని, వచ్చే పంట కూడ పోతే తాము చచ్చిపోతామని, అయినా క్రైస్తవులుగా చావాలని కోరుకుంటున్నామన్నారని ఆయన వ్రాశాడు. దేవుడు పంట ఇస్తాడని వారు బేరం పెట్టలేదు. "పోయినా" అన్నారు. దానియేలు గ్రంథంలో ముగ్గురు యువకులు పలికిన ప్రత్యయమే ఇది. ఈ మాటలు మనకు ఇంగ్లీషులో, ఒక మిషనరీ జ్ఞాపకం ద్వారా మాత్రమే మిగలడం భాషాధ్యయనం చేసేవారికి నష్టం. కాపుదల అన్నారో, దిక్కు అన్నారో, అండ అన్నారో తెలిస్తే ఎంత బాగుండేది! వారిలో ఎందరు కేవలం ఆకలివల్ల, ఎందరు కులావమానం తప్పుతుందన్న ఆశవల్ల, ఎందరు విశ్వాసంవల్ల వచ్చారన్న చర్చ చరిత్రకారుల్లో ఉంది. ఒకే మనిషిలో ఈ మూడూ కలిసి ఉండవచ్చు. కూలి అన్నం ద్వారా వచ్చిన కాపుదలను దైవరక్షణగా వారు భావించి ఉంటే తప్పు పట్టవలసిందేమీ లేదు.

తోడును గూర్చిన క్రైస్తవుల మాట చివరికి సిలువ దగ్గర తేలుతుంది. తప్పించమని యేసు తోటలో ప్రార్థించిన గిన్నె తప్పలేదు. సిలువ మీద అతను అరిచింది ఇరవై రెండో కీర్తనలో దేవుడు విడిచిపెట్టాడని మొరపెట్టే తొలి మాటనే. బాధపడేవారికి తోడు వస్తానన్న దేవుడు తానే ఆ బాధలోకి దిగాడని క్రైస్తవులు నమ్ముతారు; నమ్మనివారికి ఇది వాదంతో రుజువయ్యేది కాదు. దీనివల్ల ఒక స్వేచ్ఛ మాత్రం వారికి దక్కింది. దేవుడి మీద ఫిర్యాదు చేయడం అవిశ్వాసం కాదు. 88వ కీర్తన ఓదార్పు లేకుండానే ముగుస్తుంది. హీబ్రూలో దాని చిట్టచివరి మాట చీకటి. చెరసాలలో రాముణ్ణి నిలదీసిన రామదాసును ఎరిగిన తెలుగువారికి ఇది కొత్త కాదు. మన క్రైస్తవ గీతాలకు కూడ కీర్తనలు అనే పేరే ఉంది. కటకంలో బాప్తిస్మం పొంది ఒడిశా సరిహద్దు తెలుగువారి మధ్య పనిచేసిన పురుషోత్తమ చౌదరి (1803-1890) వంటివారు రాగతాళాలతో వ్రాసిన ఆ పాటల్లో స్తుతికి, పశ్చాత్తాపానికి ఉన్నంత చోటు ఫిర్యాదుకు దొరికినట్టు మాకు కనిపించదు. ఇది ఒక లోటనే అనుకుంటున్నాం.

క్రైస్తవులు "నుండి"ని వదులుకున్నారని మాత్రం ఎవరూ అనుకోవద్దు. ప్రభువు నేర్పిన ప్రార్థనలో కీడునుండి తప్పించమనే రోజూ అడుగుతారు. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచినప్పుడు, 1996 నవంబరు 6న కోనసీమ, యానాంల మీద తుఫాను పడినప్పుడు, ఏ మతంవారైనా అడిగింది తప్పించమనే. అడగడం వేరు, తప్పకపోతే దేవుడు లేడనో భక్తి చాలలేదనో తేల్చడం వేరు.

ఈ ఏడు క్షేత్రకార్యానికి వెళ్ళే విద్యార్థులు సంఘాల్లో సాక్ష్యాలు సేకరించేటప్పుడు బతికినవారి మాటలతో పాటు, ఇంట్లో మనిషిని పోగొట్టుకున్నవారి మాటలు కూడ, వారు ఇష్టపడితేనే, వ్రాసుకోవాలి. విభక్తి ప్రత్యయాలను సరిదిద్దకుండా విన్నవి విన్నట్టు వ్రాయండి. తమిళ, కన్నడ ప్రాంతాల్లో పెరిగినవారు "నుండి"కి బదులు "నించి" అన్నా, పొరుగుభాష ప్రత్యయం వాడినా అదీ మనకు కావలసిందే. సమాధుల తోటలను మరవవద్దు. తెలుగు చదవడం వచ్చినవారు తగ్గిపోతున్న ఊళ్ళలో రాళ్ళమీద అక్షరాలు నాచు పట్టి పోతున్నాయి. చాల రాళ్ళమీద చనిపోయారని ఉండదు. ప్రభువునందు నిద్రించారని ఉంటుంది. "అందున్" సప్తమి. ఆ రాతి కొలత, తేదీ, లిపి, పక్కన మరో భాష ఉంటే అదీ నమోదు చేసి, ఫొటోతో పాటు మా పీఠానికి పంపండి.